మడత తలుపు

ఆ వానాకాలం మా ఇంట్లో ఒక తలుపు నన్ను పిచ్చివాణ్ణి చేసింది.

నేను షట్టర్ల పనివాణ్ణి. దుకాణాలకి పైకి చుట్టుకుపోయే ఇనుప షట్టర్లుంటాయి చూడండి, వాటి స్ప్రింగు తెగినా, పట్టాలో ఇరుక్కున్నా, తాళం పట్టకపోయినా నన్నే పిలుస్తారు. ఎనిమిదో తరగతి మధ్యలో బడి మానేసి ఈ పనిలో దిగాను. అప్పట్నుంచీ పొద్దున్నే బజారు తెరుచుకుంటోందంటే అందులో నా చెయ్యి కూడా ఉంది. ఆ సంగతి ఎవరికీ గుర్తుండదనుకోండి. తలుపు తెరుచుకుంటే మనుషులు లోపలికి వెళ్ళిపోతారు. తెరుచుకోకపోతేనే బిగించినవాడు గుర్తొస్తాడు, అదీ తిట్టడానికి.

అంత ఇనుముని లొంగదీసినవాణ్ణి, మా చిన్నగదిలో బట్టల అలమారకున్న చెక్క తలుపు ముందు బోర్లాపడ్డాను. అదేం సింహద్వారం కాదు. పల్చటి రెక్కలు రెండు, మధ్యలో కీళ్ళతో కలిపి ఉంటాయి. పిడి పట్టుకుని లాగితే పుస్తకంలా మడతపడి కుడిపక్కకి పోతుంది. కుడి రెక్కకి పైనొక పిన్ను, కిందొక పిన్ను. పైది పట్టాలో ఉన్న గుంటలో కూర్చుంటుంది, కిందది నేలవార చెక్కకి స్క్రూలతో బిగించిన పళ్ళున్న ఇనుప బిళ్ళలో నిలబడుతుంది. ఎడమ రెక్క నెత్తిన చిన్న చక్రం, అది పట్టాలో దొర్లుతుంది. ఇంతే సంగతి. దీనికి నా దగ్గరున్న సామాన్లలో పదోవంతు కూడా అక్కర్లేదు.

మా అత్తగారు రాకముందు ఆ తలుపుని ఎవరూ పట్టించుకోలేదు. సగం తీసి ఉండేది, సగం మూసి ఉండేది, లోపల పాత దుప్పట్లు ఉండేవి.

ఆవిడ వానలు మొదలైనప్పుడు వచ్చింది. యూనిఫారాలు కుట్టే ఫ్యాక్టరీలో మిషను మీద కూర్చుని జీవితమంతా కుట్టిన మనిషి. పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. కుడికాలు సగం పోయి సగం మిగిలింది. ఎడంచేత్తో కర్ర పట్టుకుని నడుస్తుంది. చీర కట్టుకోవడం కుదరక ముందు గుండీలుండే చొక్కాలు వేసుకుంటోంది. నోరు మాత్రం చెక్కుచెదరలేదు.

మా పెళ్ళినాడే ఆవిడ పదిమందిలో ఒక మాట అంది. ఇనుము మోసేవాడికి పిల్లనిచ్చాను, సరే, రాత, కానీ ఈ జన్మలో ఈయన్ని ఒక్క పని అడగను, ఒక్క సాయం పొందను అని. ఆఫీసులో కూర్చునే అల్లుడు కావాలని ఆవిడ కోరిక. నాకేం తెలుసు, నేను అప్పుడే కొత్త చొక్కాలో చెమటలు కక్కుతూ నిలబడ్డాను. మిగతావాళ్ళు ఆ మాట మర్చిపోయారు. మేమిద్దరం మర్చిపోలేదు. ఆవిడ నాతో సూటిగా మాట్లాడదు. కూతురుంటే కూతురికి చెబుతుంది, లేకపోతే గోడకి చెబుతుంది. నేనూ గోడకే జవాబిస్తాను. మా ఇంట్లో గోడకున్నంత పని ఇంకెవరికీ లేదు.

ఆవిడ మా ఇంట్లో ఉండిపోవడానికి రాలేదు. ఊరిచివర పెద్దవాళ్ళుండే వసతిగృహం ఒకటుంది, అందులో చేరడానికి తనే మాట్లాడుకుంది. ఎందుకమ్మా అని మా ఆవిడ ఏడిస్తే, అక్కడ ఎవర్నీ ఏదీ అడగక్కర్లేదట అంది. అక్కణ్ణించి ఒక మేడమ్ వచ్చి చూసి వెళ్ళింది. వానలు తగ్గేసరికి గది ఖాళీ అవుతుందట. కానీ వాళ్ళ దగ్గర ఆయాలు లేరు, ఎవరి పని వాళ్ళే చేసుకోవాలి. లేచి, స్నానం చేసి, అలమారలోంచి తన బట్టలు తను తీసుకుని మార్చుకోగలగాలి. మళ్ళీ వచ్చి చూస్తాను, అవన్నీ ఒక్కరే చేసి చూపిస్తే గది మీదే అంది. మా చిన్నగదిలో అలమార చూసి, మా దగ్గరా ఇలాంటి మడత తలుపులే, దీనిమీదే అలవాటు చేసుకోండి అని కూడా చెప్పింది.

లెక్క తేలిపోయింది. ఆవిడ తలుపు తియ్యగలిగితే వెళ్ళిపోతుంది. తియ్యలేకపోతే మా ఇంట్లోనే, గోడతో మాట్లాడుతూ, శాశ్వతంగా. తల్లి ఉండిపోవాలని మా ఆవిడకుంది. వెళ్ళిపోవాలని నాకుంది. దాచుకోవడమెందుకు. నా మనశ్శాంతి వెళ్ళి రెండు చెక్క రెక్కల మధ్య కూర్చుంది.

వానలో వెల్డింగు పెట్టలేం. మధ్యాహ్నానికల్లా ఇంటికొచ్చేసేవాణ్ణి. మా ఆవిడ బట్టల దుకాణంలో బిల్లులు కొడుతుంది, సాయంత్రందాకా రాదు. ఇంట్లో మిగిలేది అత్తగారూ, నేనూ, గోడ.

మొదటిరోజే తలుపుని ఊడదీశాను. రెక్కలు దగ్గరికి మడిచి కాస్త పైకెత్తితే పైపిన్ను స్ప్రింగు లోపలికి పోతుంది, అప్పుడు అడుగు ఇవతలికి లాగితే చంటిపిల్లలా చేతిలోకొస్తుంది. పట్టాలో ఏళ్ళనాటి దుమ్ము, వెంట్రుకలు, ఒక ఎండిపోయిన సాలీడు. అంతా తుడిచాను. నూనె పెట్టలేదు. నూనె పెడితే దుమ్ముని పిలిచి పీట వేసినట్టే. కొవ్వొత్తి ముక్క రుద్దాను. చెమ్మకి చెక్క ఉబ్బి అంచు ఒరుసుకుంటోంది, చిత్రిక పట్టాను. కిందిపిన్ను తిప్పి రెక్కని కాస్త పైకెత్తాను. పైన సందు ఈ చివర్నించి ఆ చివరిదాకా ఒకటే వెడల్పుకొచ్చింది. వేలితో తోస్తే పోయింది.

ఆవిడ మంచం మీంచి చూస్తూనే ఉంది. పనివాడు వంగినప్పుడు వీపు మీద చూపు తగులుతుంది, ఆ చూపు మెచ్చుకోలో వెటకారమో వీపుకి తెలుస్తుంది. నాకా రోజు తెలియలేదు.

"ఇక చంటిపిల్ల కూడా తీస్తుంది," అన్నాను గోడతో.

"చంటిపిల్లకి రెండు చేతులుంటాయి," అంది ఆవిడ గోడతో.

మర్నాడు నేనొచ్చేసరికి తలుపు తాగినవాడిలా ఒరిగి ఉంది. కింది బిళ్ళ స్క్రూలు వదులైపోయి ఉన్నాయి. చెమ్మకి చెక్క పుచ్చింది, రంధ్రాలు పెద్దవయ్యాయి అనుకున్నాను. అగ్గిపుల్లలు జిగురులో ముంచి రంధ్రాల్లో దిగ్గొట్టి, ఆరనిచ్చి, ఇంకాస్త పొడుగు స్క్రూలు బిగించాను. ఏనుగు తొక్కినా కదలకూడదు. రెండుమూడు రోజులు కదల్లేదు కూడా. ఆ తర్వాత ఒక మధ్యాహ్నం చూస్తే బిళ్ళ మళ్ళీ ఊగుతోంది, ఒక స్క్రూ అసలు లేనే లేదు. గదంతా వెతికితే అలమార ఎడమ మూలలో దొరికింది.

నాకు ఏమీ అర్థం కాలేదు. స్క్రూ తనంతట తను వదులవుతుంది, ఒప్పుకుంటాను. షట్టర్ల దగ్గర చూశాను, అదిరి అదిరి వదులవుతాయి. కానీ ఊడొచ్చి, నడుచుకుంటూ ఆ మూలకి పోయి పడుకోదు. ఎలకలా అనుకుంటే, స్క్రూ తలకాయ మీద గీతలున్నాయి. స్క్రూడ్రైవరు గీతలు కావు. ఎవరో ఏదో మొద్దుబారిన దానితో తిప్పినట్టున్నాయి.

ఒంటిచేత్తో కర్ర పట్టుకుంటే గానీ నిలబడలేని మనిషి మీదికి ఎవరి అనుమానం పోతుంది? నాదీ పోలేదు. ఇక మిగిలింది ఎవరు?

మా ఆవిడ గుమ్మంలో గొడుగు దులుపుతుండగా అడిగాను, ఆ స్క్రూలు నువ్వే తిప్పుతున్నావా అని.

"నాకు స్క్రూడ్రైవరు ఏ కొన పట్టుకోవాలో కూడా తెలీదు," అంది.

"మీ అమ్మ వెళ్ళకూడదని నీకుందిగా."

"వెళ్ళాలని నీకుందిగా. బాత్రూములో కుళాయి ఎప్పట్నుంచో కారుతోంది, దానివైపు చూసిన పాపాన పోలేదు. ఆ తలుపుకి మాత్రం రోజూ ఊడిగం చేస్తున్నావు. నాకు తెలీదనుకున్నావా ఎందుకో?"

అని గొడుగు మూలకి విసిరేసి లోపలికి వెళ్ళిపోయింది. నేను గొడుగు తీసి సరిగ్గా నిలబెట్టాను. తలుపు పనిచేస్తే ఆవిణ్ణి పంపించేసిన పాపం నాది. పనిచెయ్యకపోతే సొంతింటి తలుపే బాగుచేసుకోలేని చేతకానివాణ్ణి నేను. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. మధ్యలో ఇద్దరు ఆడవాళ్ళూ నన్నే చూస్తున్నారు. అన్నం దగ్గర మా ఆవిడ, పోనీ ఆ తలుపు పీకి అవతల పారెయ్యకూడదా, అందరికీ సుఖం అంది. అక్కడా తలుపులుంటాయి కదే, వాళ్ళవి కూడా పీకుతానా అన్నాను. తల్లీకూతుళ్ళిద్దరూ ఒకేసారి గోడవైపు తిరిగారు.

ఒక సెలవురోజు. బయట ఒకటే వాన. మా ఆవిడ ఇస్త్రీ చేస్తోంది. నేను అలమార దగ్గర నేలమీద కూర్చుని, ఇంకోసారి, బిళ్ళ బిగిస్తున్నాను. మా అత్తగారు కుర్చీలో కూర్చుని ఇస్త్రీ అయిన నా చొక్కా ఒళ్ళో వేసుకుంది. ఎడంచేత్తో దాని గుండీలు పెట్టడానికి చూస్తోంది. వేళ్ళు గుండీ మీదినుంచి జారిపోతున్నాయి.

మగాళ్ళ చొక్కాకి గుండీలు ఒకవైపు, ఆడాళ్ళ చొక్కాకి ఇంకోవైపు కుట్టేవాళ్ళం అని కూతురితో చెప్పడం మొదలుపెట్టింది. కుట్టినన్నాళ్ళూ ఎందుకలా అని ఆలోచించలేదట. చెయ్యి పడిపోయాక తెలిసొచ్చిందట. తన చొక్కా తను ఎలాగో ఒకలా తొడుక్కుంటోందట గానీ, మగాళ్ళ చొక్కా అయితే ఈ చేతికి లొంగదట. చొక్కాలో తప్పు లేదు, కుట్టడంలో తప్పు లేదు, వైపు తప్పు అంది.

తర్వాత గోడవైపు తిరిగి, "ఆ తలుపు కూడా మగాళ్ళ చొక్కాయే," అంది.

మా ఆవిడ నవ్వింది. నాకు మండింది. ఇంట్లో మగాణ్ణి నేనొక్కణ్ణే. పనికిరానివన్నీ మగాళ్ళవి అన్నమాట. స్క్రూ ఇంకో అర చుట్టు బిగించాను, చెక్క కిర్రుమంది. జబ్బు చేశాక ఆవిడ మాటలకి తలాతోకా లేకుండా పోతోందని కూడా అనుకున్నాను. నాలుగు రోజుల్లో ఆ మాటే మర్చిపోయాను.

ఆ వారంలోనే మా ఆవిడ తల్లికి చొక్కా మారుస్తూ నన్ను పిలిచింది. పడిపోయిన కుడిచెయ్యి, మోచేతినించి మణికట్టుదాకా కమిలి ఉంది. కొన్ని మచ్చలు నీలంగా, కొన్ని పాతబడి పసుపు రంగుకి తిరిగాయి. ఎక్కడ తగిలిందమ్మా అంటే ఆవిడ తన చెయ్యిని ఎవరి చెయ్యో చూసినట్టు చూసింది.

"నన్నడిగితే నాకేం తెలుసు. ఆ చెయ్యి నాతో మాట్లాడటం మానేసింది," అంది.

మంచం అంచు తగులుతోందేమోనని మంచం గోడకి జరిపాం. అంచుకి పాత గుడ్డలు చుట్టాం. మచ్చలు ఆగలేదు. తలుపు వదులవడమూ ఆగలేదు. ఈ రెంటికీ ముడిపెట్టాలని ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు. నాకు చదువు లేదు, సరే. మా ఆవిడ చదువుకుంది కదా.

ఆ తర్వాత ఒకరోజు పని మధ్యలో ఆపేసి వచ్చేశాను. వాన అలాంటిలాంటిది కాదు, వీధులన్నీ మోకాలి లోతు. ఎప్పుడూ వచ్చే వేళకంటే బాగా ముందే ఇల్లు చేరాను. మా వీధి తలుపు చప్పుడు చెయ్యదు. ఆ మాత్రం పనితనం నాది. చెప్పులు చేత్తో పట్టుకుని లోపలికొచ్చాను.

చిన్నగది తలుపు తీసే ఉంది. మా అత్తగారు అలమార ముందు చిన్న పీట మీద కూర్చుని ఉంది. ఆ పీట మీదికి ఎలా దిగిందో, ఎంతసేపు పట్టిందో. ఎడంచేతిలో చెమ్చా. దాని కాడ కొసని స్క్రూ గీతలో పెట్టి తిప్పుతోంది. జారుతోంది. మళ్ళీ పెడుతోంది. ఒకటి ఊడొచ్చింది. దాన్ని పళ్ళ మధ్య పట్టుకుంది. మేం గుండీలు కుట్టేటప్పుడు సూదిని అలా పట్టుకుంటాం అని ఒకసారి కూతురితో అనడం విన్నాను.

స్క్రూలు వదలగానే రెక్క ఒరిగి, ఒళ్ళో ఉన్న కుడిచేతి మీద పడింది. చెక్క అంచు సరిగ్గా ఆ మచ్చల మీదే. ఆవిడ చూడను కూడా లేదు. తెలియలేదు. పళ్ళ మధ్యలోంచి స్క్రూ తీసి, వంగి, ఎడమ మూలలో, ఇంతవరకూ ఏ స్క్రూ దిగని చెక్క మీద పెట్టి, చెమ్చా బొర్రతో నొక్కుతోంది. రంధ్రం లేని చోట స్క్రూ ఎలా దిగుతుంది? నొక్కి, ఊపిరి తీసుకుని, మళ్ళీ నొక్కుతోంది. అంతకుముందు నొక్కినవి కాబోలు, ఆ మూలంతా చిన్నచిన్న నొక్కులు.

నేను నిలబడిపోయాను. ఏం చేస్తోంది ఈవిడ? తలుపు చెడితే వెళ్ళడం కుదరదు కదా. వెళ్ళాలన్నది ఈవిడే కదా. మరి ఎందుకు చెడగొట్టుకుంటోంది?

చెప్పులు తొడుక్కుని, వచ్చిన దారినే బయటికి వెళ్ళాను. వీధిలో కాసేపు తడిశాను. ఎందుకు తడిశానంటే చెప్పలేను. తర్వాత గట్టిగా దగ్గి, తలుపుని కాలితో తన్ని, గొడుగు టపటపా దులిపి, మెల్లిగా లోపలికొచ్చాను. ఆవిడ మంచం మీద కూర్చుని ఆయాసపడుతోంది. కర్ర పక్కనే ఉంది.

"మళ్ళీ వదులైంది," అన్నాను గోడతో.

"చెక్క మంచిది కాదు," అంది గోడతో.

బిగించాను. టీ పెట్టుకోవడానికి వంటగదిలోకి వెళితే, డబ్బాలో చెమ్చా కాడ వంకర తిరిగి ఉంది. దాన్ని వేళ్ళతో సరిచేసి అందులోనే పెట్టేశాను.

మర్నాడు మా ఆవిడ తల్లిని కసరత్తు చేయించడానికి ఆసుపత్రికి తీసుకెళ్ళింది. ఇంట్లో నేనొక్కణ్ణే. ఆవిడ కుర్చీని అలమార ముందుకి లాగి అందులో కూర్చున్నాను. కుడిచెయ్యిని చొక్కా లోపలికి దోపుకున్నాను. ఎవరైనా చూస్తే నాకూ పక్షవాతం వచ్చిందనుకుంటారు. ఎడంచేత్తో పిడి పట్టుకుని లాగాను.

రెక్కలు మడతపడుతూ ముందుకొచ్చి నా కుడిచేతి మీద కొట్టుకున్నాయి. మామూలుగా అయితే ఆ చెయ్యి తనే తప్పుకుంటుంది, తలుపు తగిలిందన్న సంగతే మనకి తెలీదు. దోపుకున్న చెయ్యి ఎక్కడికి తప్పుకుంటుంది? ఇంకోసారి లాగాను, ఇంకోసారి తగిలింది. పూర్తిగా కుడివైపుకి నెట్టాలంటే ఎడంచెయ్యిని ఒంటికి అడ్డంగా చాపి, ఒరగాలి. ఒరిగితే కుర్చీ ఒరిగింది. నెత్తి అలమారకి తగలబోయి ఆగింది.

అప్పుడు తట్టింది. చొక్కాలో తప్పు లేదు, కుట్టడంలో తప్పు లేదు. వైపు తప్పు.

ఆవిడ తలుపుని చెడగొట్టడం లేదు. గుండీలు మారుస్తోంది. కుడివైపు ఊడదీసి ఎడమవైపు కుట్టాలని చూస్తోంది, దారం బదులు స్క్రూ, సూది బదులు చెమ్చా. నేనేమో రోజూ వచ్చి, ఆవిడ ఊడదీసిన కుట్టుని మళ్ళీ బిగించి పోతున్నాను. మాట అడిగితే సరిపోయేది. ఆ ఒక్క మాటే ఆవిడ అడగదు.

కుర్చీలో అలాగే కూర్చున్నాను. ఇప్పుడు నేనేమీ చెయ్యకపోతే, ఎవరూ నన్నేమీ అనలేరు. ఆవిడ తియ్యలేదు, ఉండిపోతుంది, మా ఆవిడ సంతోషిస్తుంది. నేను మారిస్తే, ఆవిడ తీస్తుంది, వెళ్ళిపోతుంది, నేను కోరుకున్నది అదే. కోరుకున్నది చేతికందేంత దూరంలో ఉంటే మనిషి చెయ్యి చాపాలి కదా. నా చెయ్యి చొక్కాలోనే ఉండిపోయింది. ఆ చెమ్చా చూసినప్పట్నుంచీ ఆవిడ వెళ్ళాలని నాకుందో, ఉండిపోవాలని ఉందో నాకే తెలియడం మానేసింది. వాన శబ్దం వింటూ, రెంటిలో ఏదో ఒకటి గట్టిగా అనుకుందామని చూశాను. అనుకున్న ప్రతిదీ వెంటనే రెండోదిలా కనబడింది.

చివరికి లేచి సంచి తెచ్చుకున్నాను. తప్పువైపు బిగించిన తలుపుని చూస్తూ కూర్చోవడం నాకు చేతకాదు. కారణం అంతే. అంతకుమించి ఏదైనా ఉంటే నాకు తెలీదు.

తలుపుని ఊడదీసి నేలమీద పడుకోబెట్టి తలకిందులు చేశాను. అలా చేస్తే కుడి రెక్క ఎడమ రెక్క అవుతుంది, కీళ్ళు ఉన్నవైపే ఉంటాయి. కిందికి పోయిన పైపిన్నుని పైకి, పైకొచ్చిన కిందిపిన్నుని కిందికి మార్చాను. చక్రాన్ని ఈ చివర్నించి ఆ చివరికి తెచ్చాను. పట్టాలో గుంట ముక్కని ఎడమకి జరిపి బిగించాను. ఎడమ మూలలో ఆవిడ చెమ్చా నొక్కులున్న చోటే పళ్ళ బిళ్ళ పెట్టి, నొక్కుల్లోనే రంధ్రాలు వేశాను. పెద్దగా కొలవక్కర్లేకపోయింది, కుట్టుపని మనిషి కదా, చోటు సరిగ్గానే పట్టింది. తలకిందులయ్యేసరికి పిడి కూడా కాస్త కిందికొచ్చింది. కూర్చున్నవాళ్ళకి అదే నయం. కొవ్వొత్తి రుద్ది, పొట్టు ఊడ్చేసి, కుర్చీ యథాస్థానంలో పెట్టాను.

వాళ్ళిద్దరూ వచ్చారు. మా ఆవిడ తడిబట్టలు ఆరేసుకోవడానికి పోయింది. మా అత్తగారు గదిలోకి వెళ్ళింది. నేను ముందుగదిలో పనిలేకపోయినా తాళాల గుత్తి ఒకటి తుడుస్తూ కూర్చున్నాను. కర్ర చప్పుడు ఆగింది. కుర్చీ కిర్రుమంది. ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు. తలుపు చప్పుడు చెయ్యకుండా నేనే చేశాను కదా, ఇక నాకేం తెలుస్తుంది లోపల ఏం జరుగుతోందో.

చాలాసేపటికి ఆవిడ గుమ్మంలోకొచ్చింది. తడిసిన చొక్కా మార్చుకుంది. గుండీలు ఒకటి రెండు అటూ ఇటూ అయ్యాయి. నావైపు చూడలేదు.

"టీ చల్లారిపోతోంది, తాగమను," అంది గోడతో.

టీ ఇంకా పెట్టనే లేదు. లేచి వెళ్ళి పెట్టాను.

ఆ తర్వాత ఆ స్క్రూలు ఎప్పుడూ వదులవలేదు. చేతి మీద మచ్చలు పసుపుపచ్చబడి పోయాయి. మా ఆవిడ మాత్రం ఏదో తేడా ఉంది, ఏంటో తెలీట్లేదు అంటూ అలమార ముందు నిలబడి, కుడిచేత్తో గాల్లో పిడి కోసం వెతికేది.

వానలు తగ్గుముఖం పట్టాక వసతి మేడమ్ వచ్చింది. గది మధ్యలో నిలబడి, అమ్మా, చేసి చూపించండి అంది. మా అత్తగారు లేచింది, వెళ్ళింది, కుర్చీలో కూర్చుంది, కర్ర ఒడిలో పెట్టుకుంది. ఎడంచేత్తో పిడి లాగింది. తలుపు మడతపడి ఎడమపక్కకి పోయింది. కుడిచెయ్యి ఒళ్ళో అలాగే ఉంది, దాని జోలికి ఏదీ పోలేదు. చొక్కా తీసుకుంది. మేడమ్ తలుపుని చూడనే లేదు, చొక్కానీ గుండీల్నీ చూసింది. మంచి తలుపు మీద ఎవరి కన్నూ పడదు. మా ఆవిడ కన్ను పడింది. తలుపు వైపు చూసి, నావైపు చూసింది.

వాళ్ళు మాట్లాడుకుంటుండగా వంటగదిలోకి వచ్చి, ఎప్పుడు మార్చావు అని అడిగింది. అవసరమైనప్పుడు అన్నాను.

"కుళాయి కూడా అవసరమే," అంది. ఏడుస్తోందో కోప్పడుతోందో పోల్చుకోలేకపోయాను. తల్లిని నేను పంపించేశాననే మా ఆవిడ లెక్క. ఆ సాయంత్రం కుళాయి బాగుచేశాను. దానికీ మెప్పు రాలేదు.

మా అత్తగారు వెళ్ళిన రోజు ఎండ కాసింది. వ్యాను ఎక్కేటప్పుడు నేను చెయ్యి అందివ్వబోయి ఆగాను. ఆవిడ తనే ఎక్కింది, కష్టపడి. కూర్చున్నాక వ్యాను తలుపుకేసి చూసింది. అది పక్కకి జరిగే తలుపు. దాన్ని నేనే మూశాను.

చిన్నగది ఖాళీ అయింది. తలుపుని మళ్ళీ మామూలువైపు మార్చెయ్యి, అలవాటు తప్పి చస్తున్నాను అంటుంది మా ఆవిడ. మారుస్తాను అంటాను. గోడకి మళ్ళీ పని దొరికింది, ఈసారి మా ఇద్దరికీ మధ్య. పని లేని మధ్యాహ్నాలు వెళ్ళి పట్టా తుడిచి, కొవ్వొత్తి రుద్ది, ఎడంచేత్తో తీసి, ఎడంచేత్తో మూస్తాను. లోపల ఏమీ లేదు. సుఖంగా ఉందా అని నన్ను నేను అడుక్కుంటే, ఉంది అనే అనిపిస్తుంది, అయినా ఇంకోసారి తీసి చూస్తాను.

సీజన్ ఆఖరి వాన కాబోలు, సన్నగా పడుతోంది. ఫోను మోగింది. మా ఆవిడ ఎత్తి, అమ్మా అంది. అవతల్నించి ఏదో అన్నారు. మా ఆవిడ మొహం అదోలా పెట్టి ఫోను నా చేతికిచ్చింది.

"నిన్నే."

నన్నా? ఆవిడ నాకెప్పుడూ ఫోను చెయ్యలేదు. చెవి దగ్గర పెట్టుకున్నాను. అవతల గోడ లేదు.

"ఇక్కడి తలుపులకీ మగాళ్ళ చొక్కాలే తొడిగారు, అల్లుడూ," అంది.

నాకు వెంటనే అర్థమైంది. ఎవర్నీ అడగక్కర్లేని చోటు వెతుక్కుంటూ పోయి, అక్కణ్ణించి నన్నడుగుతోంది. నవ్వితే ఏమనుకుంటుందో. మా ఆవిడ పక్కనే నిలబడి నా మొహంలోకి చూస్తోంది.

"స్క్రూలు ఎలాంటివి అత్తయ్యా? తలకాయ మీద ఒక గీతా, ప్లస్ గుర్తా?" అన్నాను.

"చూసి చెబుతాను, ఉండు."

ఫోను ఎక్కడో పెట్టిన చప్పుడైంది. కర్ర నేలమీద టక్కు టక్కుమంటూ దూరంగా వెళ్ళింది. నేను సంచి కోసం చుట్టూ చూస్తూ, ఫోను అలాగే చెవికి ఆనించుకుని నిలబడ్డాను.